యుద్ధం ముగిశాక సైన్యం ఏం మార్చుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారాలు చిక్కడపల్లిలో ఒక చిన్న గదిలో సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక పరీక్ష), గ్రూప్-1 రాసే పిల్లలకు రక్షణ వ్యవహారాలు చెప్తుంటాను. నేను ప్రొఫెసర్ని కాదు. ఆర్మీ మరమ్మతుల విభాగం ఈఎంఈలో ఇరవై రెండేళ్లు బండ్లు బాగుచేసి రిటైరై, సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. బ్యాచ్ మారినా ప్రశ్నలు మాత్రం అవే వస్తాయి. ఎక్కువసార్లు అడిగినవాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు.

డాక్ట్రిన్ అంటే ఏంటి సార్? ప్లాన్‌కీ దానికీ తేడా ఏంటి?

వినాయక నిమజ్జనం బందోబస్తు తీసుకోండి. ఈ ఏడాది ఖైరతాబాద్ విగ్రహం ఎన్నింటికి కదలాలి, ఏ క్రేన్ దగ్గర దించాలి అన్నది ప్లాన్. అది ఏటా మారుతుంది. కానీ పెద్ద విగ్రహాన్ని ముందు పంపేయాలి, రెండు ఊరేగింపుల్ని ఎదురెదురు రానివ్వకూడదు అనే పద్ధతి ఒకటి అందరి బుర్రల్లో ఉంటుంది. వైర్‌లెస్ సెట్ పనిచేయకపోయినా కూడలిలో నిలబడ్డ ఎస్సై దాన్నిబట్టే నిర్ణయం తీసుకుంటాడు. ఆ పద్ధతే డాక్ట్రిన్.

తెలుగు పుస్తకాల్లో 'యుద్ధ సిద్ధాంతం' అని రాస్తారు. పరీక్షలో మీరూ అలాగే రాయండి. క్లాసులో మాత్రం డాక్ట్రిన్ అనే అంటాను, యూనిట్లలో అందరూ అనే మాట అదే కాబట్టి. ఇంకో సంగతి. మన దేశంలో డాక్ట్రిన్‌ని అచ్చు వేసి బయటపెట్టడం ఈమధ్యే మొదలైంది. ఆర్మీ 2004లో, మూడు దళాల ఉమ్మడి డాక్ట్రిన్ 2017లో జనానికి అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు డాక్ట్రిన్ లేదనుకోకండి. ఏ డివిజన్ (వేల మంది ఉండే పెద్ద దళం) ఎక్కడ ఉంది, దాని దగ్గర ఏ తుపాకులున్నాయి, దేనికి ట్రైనింగ్ ఇస్తున్నారు అన్నవి చూస్తే అదే కనబడేది. నన్నడిగితే ఇప్పటికీ అచ్చులో ఉన్నదానికంటే అలా కనబడేదే నమ్మకమైనది.

దెబ్బ తగిలాకే ఎందుకు మారతారు? ముందే మార్చుకోలేరా?

మార్చుకోవచ్చు, కానీ ఎవరూ మార్చుకోరు. సైన్యం అంటే లక్షల మంది, వేల బండ్లు, ముప్పై ఏళ్లు వాడాలని కొన్న ట్యాంకులు. 'ఇక నుంచి వేరేలా పోరాడదాం' అంటే రేషన్ దగ్గర్నుంచి ప్రమోషన్ల దాకా అన్నీ కదలాలి. శాంతి కాలంలో ఆ ఖర్చుకి ఏ ఆర్థిక శాఖ ఒప్పుకుంటుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటామే, ప్రపంచంలో చాలా సైన్యాల చరిత్ర అదే.

ఓడినవాళ్లే ఎక్కువ నేర్చుకుంటారంటారు. నిజమేనా?

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. సామెత దావాల గురించి పుట్టినా సైన్యాలకి భలే సరిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీని లక్ష మంది సైనికులకు మించి ఉంచుకోవద్దన్నారు. ట్యాంకులు, యుద్ధ విమానాలు నిషేధం. ఆ పరిస్థితిలోనే జనరల్ సీక్ట్ యాభైకి పైగా కమిటీలు వేసి, వందల మంది ఆఫీసర్లతో 'మనం చేసిన తప్పేంటి, కొత్తగా ఎదురైందేంటి' అని రాయించాడు. గెలిచిన ఫ్రాన్స్‌కి ఆ అవసరం కనబడలేదు. కందకాల్లో కూర్చుని గెలిచారు కాబట్టి, ఆ కందకాల్నే సిమెంటుతో కట్టి మాజినో లైన్ అన్నారు. 1940 మేలో జర్మన్ ట్యాంకులు ఆర్డెన్స్ అడవిలోంచి పక్కగా వచ్చేశాయి. ఆరు వారాల్లో ఫ్రాన్స్ పడిపోయింది.

1967 జూన్‌లో ఇజ్రాయెల్ దాడికి ఈజిప్టు వైమానిక దళం నేల మీదే తగలబడిపోయింది. ఆరేళ్లు కూర్చుని వాళ్లు ఒక లెక్క వేసుకున్నారు. ఇజ్రాయెల్ విమానాలతో గాల్లో పోటీపడలేం, కాబట్టి భూమ్మీది క్షిపణుల గొడుగు కిందే నడుద్దాం, ఆ గొడుగు దాటి ముందుకు పోవద్దు అని. 1973 అక్టోబర్ 6న సూయజ్ కాలువ దాటింది ఆ లెక్కతోనే. 1967లో గెలిచిన ఇజ్రాయెల్ మాత్రం పాత ధీమాతోనే ఉంది. చివరికి ఆ యుద్ధంలో ఇజ్రాయెలే నిలదొక్కుకుందనుకోండి. కానీ మొదటి రోజుల్లో తగిలిన దెబ్బ మీద అగ్రనాట్ కమిషన్ వేసుకోక తప్పలేదు.

అలాగని ఓడిన ప్రతివాడూ సరైన పాఠమే నేర్చుకోడు. వియత్నాం నుంచి బయటపడ్డ అమెరికా ఆర్మీ, 'ఇలాంటి యుద్ధం మళ్లీ చేయం' అని ఆ ఫైల్ పక్కన పెట్టేసింది. 1973లో ట్రెయినింగ్, డాక్ట్రిన్ కోసమే ప్రత్యేకంగా ఒక కమాండ్ పెట్టి, చూపంతా ఐరోపా మైదానాల్లో సోవియట్ ట్యాంకుల మీదే నిలిపింది. నేల మీది దళాలూ విమానాలూ కలిసి కొట్టాలనే ఎయిర్‌ల్యాండ్ బ్యాటిల్ డాక్ట్రిన్ 1982లో వచ్చింది, అది అలా పుట్టిందే. అది 1991లో ఇరాక్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. అదే ఇరాక్‌లో 2003 తర్వాత గల్లీ గల్లీకీ తిరుగుబాటు మొదలైతే, వియత్నాంలో నేర్చుకున్నది గుర్తున్నవాళ్లు లేరు. తిరుగుబాట్ల మీద కొత్త మాన్యువల్ 2006 డిసెంబర్‌కి గానీ రాలేదు.

1962 తర్వాత మన సైన్యంలో ఏం మారింది?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. నాకు ఇష్టమైనదీ ఇదే.

హైదరాబాద్ నుంచే మొదలుపెడతాను. 1948 సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలోలో షోలాపూర్ వైపు నుంచి మొదటి ఆర్మర్డ్ డివిజన్‌ని నడిపించుకొచ్చింది మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది ఆయనకే. తర్వాత ఏడాదికి పైగా మన రాష్ట్రానికి మిలిటరీ గవర్నర్ కూడా ఆయనే. 1962 నవంబర్‌లో చైనా చేతిలో దెబ్బతిని ఆర్మీ చీఫ్ థాపర్ రాజీనామా చేసినప్పుడు, విరిగిన సైన్యాన్ని మళ్లీ నిలబెట్టమని పిలిచిందీ ఈ చౌధురినే. రక్షణ మంత్రిగా కృష్ణ మీనన్ స్థానంలో వై.బి.చవాన్ వచ్చారు.

యుద్ధం నడిచింది అక్టోబర్ 20 నుంచి నవంబర్ 21 వరకు, నెల రోజులు. మైదానాలకు అలవాటైన 4వ డివిజన్ జవాన్లు కాటన్ బట్టలతో, పాత పాయింట్ 303 రైఫిళ్లతో ఇప్పటి అరుణాచల్‌లోని నామ్‌కా చూ లోయలో నిలబడ్డారు. యుద్ధ విమానాలున్నా దాడికి వాడలేదు. కలకత్తా మీద బాంబులు పడతాయని భయం.

తర్వాత మారినవి చూడండి. జీడీపీలో 2 శాతం దగ్గరున్న రక్షణ ఖర్చు 4 శాతం దగ్గరికి పోయింది. సైన్యాన్ని 8,25,000కు పెంచాలని, పది మౌంటెన్ డివిజన్లు ఉండాలని నిర్ణయించారు. 303 పోయి ఇషాపూర్ ఎస్ఎల్ఆర్ (తూటా దానంతటదే ఎక్కించుకునే రైఫిల్) వచ్చింది. యుద్ధం మొదలైన నాలుగు రోజులకే, అక్టోబర్ 24న, టిబెట్ సరిహద్దు కాసే ఐటీబీపీ పుట్టింది. 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. మీ తాతగారు ఆ రోజుల్లో డిగ్రీ చదివి ఉంటే అడగండి, ఖాకీ నిక్కరేసుకుని పరేడ్ చేసిన కథ ఒకటి ఉండకపోదు.

వీటన్నిటికంటే పెద్ద మార్పు కాగితం మీద కనిపించదు. చైనాతో యుద్ధమే రాదనే నమ్మకం పోయింది. అంతవరకు దౌత్యమే రక్షణ, సైన్యం వెనక వరుసలో ఉండేది. సైన్యం మాట వినాలి, కానీ తాళం మాత్రం రాజకీయ నాయకత్వం చేతిలోనే ఉండాలి అనే ఒప్పందం లాంటిది అక్కడే కుదిరింది. 1971లో అది బాగా పనికొచ్చింది.

చిన్న పిట్టకథ. దెబ్బతిన్న ఆ 4వ డివిజన్నే మౌంటెన్ డివిజన్‌గా మార్చారు. కొండలు ఎక్కాలి కాబట్టి తేలికపాటి ఫిరంగులు ఇచ్చారు. తీరా 1965 సెప్టెంబర్‌లో దాన్ని నిలబెట్టింది పంజాబ్ చెరకు తోటల్లో, పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల ముందు. అసల్ ఉత్తర్‌లో ఆ డివిజనే పొలాలకు నీళ్లు వదిలి, ట్యాంకుల్ని బురదలోకి లాగి పదుల కొద్దీ ధ్వంసం చేసింది. అబ్దుల్ హమీద్ పరమవీర చక్ర అక్కడిదే. కొండల కోసం తయారైన డివిజన్ మైదానంలో గెలిచింది. డాక్ట్రిన్ ఏం రాసినా వచ్చే యుద్ధం దాని ప్రకారం రాదని చెప్పాల్సి వస్తే నేను చెప్పే ఉదాహరణ ఇదే.

హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టు ఎందుకు బయటపెట్టరు?

1962 ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్.భగత్ 1963లో ఇచ్చిన నివేదిక అది. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా రహస్యమనే అంది. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు కొంత భాగం ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఇంకా దాచడంలో అర్థం లేదని నా అభిప్రాయం. కార్గిల్ నివేదికను కొన్ని భాగాలు కొట్టేసైనా పార్లమెంటులో పెట్టారు, ఆకాశం విరిగిపడలేదు కదా.

1965లో మనం గెలిచామా, డ్రా అయిందా?

ఆ వాదన టీ కొట్టు దగ్గర పెట్టుకుందాం. ఆ యుద్ధం వల్ల ఏం మారిందో ఇక్కడ చెప్తాను. అప్పటిదాకా పశ్చిమ సరిహద్దుని రాష్ట్రాల పోలీసులు కాసేవారు. 1965 డిసెంబర్ 1న సరిహద్దు భద్రతా దళం, బీఎస్ఎఫ్ వచ్చింది. కశ్మీర్‌లోకి చొరబాట్ల సంగతి ముందే పసిగట్టలేకపోయామని, విదేశీ గూఢచర్యానికి వేరే సంస్థ కావాలని 1968లో ఆర్ అండ్ ఏడబ్ల్యూ పెట్టారు. అమెరికా, బ్రిటన్ ఆయుధాలు ఆపేయడంతో సోవియట్ వైపు మొగ్గాం.

నౌకాదళానికి మాత్రం అది అవమానంగా మిగిలింది. పాకిస్తాన్ ఓడలు ద్వారక మీద గుండ్లు కురిపించి పోతే మనవాళ్లు చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఆ కసి ఊరికే పోలేదు. 1968లో విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్ వచ్చింది. సోవియట్ నుంచి చిన్న క్షిపణి బోట్లు తెచ్చారు. అవి తీరం కాసుకోవడానికి చేసినవి, ఎక్కువ దూరం పోలేవు. వాటిని వేరే ఓడలతో కొంత దూరం లాక్కెళ్లి, 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద వదిలారు. మనం నేవీ డే జరుపుకునేది ఆ తేదీనే. ఆ ముందురోజు అర్ధరాత్రి వేళ విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

1971 అంత పెద్ద విజయం కదా, దాని తర్వాత మార్చడానికేముంది?

పదమూడు రోజులు, 93,000 మంది బందీలు, ఒక కొత్త దేశం. అంత గెలిచాక మళ్లీ పాఠాలు తిరగేసినవాళ్లు ఉండటం నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. తూర్పున అంత వేగంగా పోయిన సైన్యం, పశ్చిమ సరిహద్దులో మాత్రం కాలువలు, బంకర్ల దగ్గర ఇరుక్కుంది. గెలుపు సంబరంలో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాళ్లలో మనవాడు ఒకాయన ఉన్నారు. 1975లో సైన్యం ముందు ముందు ఎలా ఉండాలో చెప్పమని వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు కె.వి.కృష్ణారావు. తెలుగాయన. తర్వాత 1981 నుంచి 1983 వరకు ఆర్మీ చీఫ్. ఆయన కమిటీలోనే సుందర్జీ కూడా ఉన్నారు. కాలినడకన పోయే పదాతి దళం కొంతైనా ట్యాంకులతో సమానంగా కదలాలి, అందుకు కవచం ఉన్న బండ్లు కావాలి అన్నది ఆ ఆలోచనల సారం. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పుట్టింది. సుందర్జీ చీఫ్ అయ్యాక 1986-87లో రాజస్థాన్‌లో ఆపరేషన్ బ్రాస్‌టాక్స్ అనే మహా విన్యాసం చేసి పాకిస్తాన్‌కి నిద్ర లేకుండా చేశారు.

ఇది హైదరాబాద్ పక్కకెలా వచ్చిందో చూడండి. ఆ కవచం బండ్లు బీఎంపీలు. వాటిని ఇక్కడే తయారు చేయడానికి 1984లో సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఫ్యాక్టరీ పెట్టారు. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అంటే అదే. బీఎంపీ-2 అక్కడ 'శరత్' అయింది. నేను సర్వీసులో ఉన్నప్పుడు గ్రీజు పట్టించిన బండ్లలో సగం ఆ ఊరివే. ఎడారిలో ఇంజన్ విప్పుతూ 'ఇది మా ఊరి బండి' అంటే పంజాబ్ కుర్రాళ్లు నమ్మేవాళ్లు కాదు.

శ్రీలంక ఆపరేషన్ గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?

గెలుపూ కాదు, ఒప్పుకోదగ్గ ఓటమీ కాదు కాబట్టి. 1987లో జాఫ్నాకి ముందుగా వెళ్లింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజనే. శాంతి కాపాడటానికని పంపి, అక్టోబర్‌కల్లా తమిళ తిరుగుబాటుదారులు ఎల్‌టీటీఈతో పోరాడమన్నారు. మ్యాపులు సరిగ్గా లేవు. జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో హెలికాప్టర్ నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లలో దాదాపు అందరూ చనిపోయారు. 1990లో తిరిగొచ్చేసరికి మొత్తం సుమారు 1,200 మంది పోయారు. తిరుమలగిరి, బొల్లారం వైపు క్వార్టర్లలో ఆ మూడేళ్లు టెలిగ్రామ్ వస్తే తలుపు తీయడానికి భయపడేవాళ్లని పెద్దవాళ్లు చెప్పేవారు.

నేర్చుకున్నారా అంటే, నెమ్మదిగా. 1990లో కశ్మీర్ కోసం రాష్ట్రీయ రైఫిల్స్ పెట్టారు. తిరుగుబాట్లను ఎదుర్కోవడం మీద ఆర్మీ డాక్ట్రిన్ 2006లో వచ్చింది. జాఫ్నా నుంచి లెక్కపెడితే పందొమ్మిదేళ్లు.

కార్గిల్ తర్వాత సీడీఎస్ (పరీక్ష కాదు, చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి) రావడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

1999 జులైలో యుద్ధం ముగిసింది. అదే నెల 29న కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేశారు. 2001లో మంత్రుల బృందం మూడు దళాలకు కలిపి ఒక పెద్ద ఉండాలని సిఫార్సు చేసింది. మొదటి సీడీఎస్‌గా జనరల్ బిపిన్ రావత్ బాధ్యత తీసుకున్నది 2020 జనవరి 1న.

సులువైన పనులన్నీ వెంటనే అయ్యాయి. లేహ్‌లో 14వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం), అండమాన్ ఉమ్మడి కమాండ్, డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ. ఎవరి కుర్చీకీ నష్టం లేదు మరి. సీడీఎస్ అలా కాదు. వైమానిక దళానికి తమ విమానాలు ఆర్మీ చేతికి పోతాయని భయం. సచివాలయంలో బాబులకు ఫైల్ తమ టేబుల్ దాటిపోతుందని బాధ. నాయకులకు ఒక్క జనరల్ మరీ బలవంతుడవుతాడని అనుమానం. ముగ్గురికీ వద్దనిపించినది పందొమ్మిదేళ్లు ఆగడంలో వింత లేదు. 2021 డిసెంబర్‌లో రావత్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక ఆ కుర్చీ తొమ్మిది నెలలు ఖాళీగానే ఉంది. అది గమనించండి.

కార్గిల్ యుద్ధం గురించి చెప్పేటప్పుడు హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు తలవకుండా ముందుకు పోను. తోలోలింగ్ ప్రాంతంలో ప్రాణాలిచ్చారు. మహావీర చక్ర.

కోల్డ్ స్టార్ట్ నిజంగా ఉందా, ఉత్త ప్రచారమా?

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. అప్పుడు నేను హవల్దార్ని. మా వర్క్‌షాప్ రైలెక్కి, దిగి, రోడ్డు పట్టి సరిహద్దు చేరేసరికి అంబాలా, మథుర, భోపాల్ నుంచి దాడి కోర్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మొత్తం చేరడానికి మూడు వారాలు. ఆలోగా ప్రపంచం అంతా మధ్యలోకి వచ్చింది, జనవరి 12న పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ టీవీలో ప్రసంగించాడు, కోపం చల్లారిపోయింది. మేం మాత్రం అక్టోబర్ దాకా ఇసుకలోనే ఉన్నాం. మందుపాతరలు పరిచినప్పుడూ, తిరిగి తీసినప్పుడూ చాలామంది మనవాళ్లు పోయారు. యుద్ధం చేయకుండానే. ఎస్‌టీడీ బూత్ దొరికినప్పుడల్లా మా అమ్మ ఒకటే అడిగేది, 'యుద్ధం అవుతుందా కాదా, ఏదో ఒకటి చెప్పరా' అని. ఆమెకి చెప్పే జవాబు ఢిల్లీలోనూ లేదేమో.

సుందర్జీ నాటి పెద్ద దాడి కోర్‌లు బరువెక్కిపోయాయని అప్పుడే అర్థమైంది. సరిహద్దు దగ్గరే ఉండే దళాలతో చిన్న చిన్న బృందాలు కట్టి, రోజుల్లోనే కొద్ది లోతు వరకు దాడి చేసి ఆగిపోవాలి, అణ్వాయుధం వాడే దాకా ఎదుటివాణ్ణి నెట్టకూడదు అన్నది 2004లో వచ్చిన కోల్డ్ స్టార్ట్ ఆలోచన. ప్రభుత్వం చాలాకాలం అలాంటిది లేదంది. 2017లో రావత్ ఉందన్నారు. పాకిస్తాన్ మాత్రం ముందునుంచీ ఉందనే నమ్మి 2011లో అరవై కిలోమీటర్లు పోయే నాస్ర్ క్షిపణి పరీక్షించింది. మన డాక్ట్రిన్‌ని మనకంటే ముందు శత్రువు నమ్మాడన్నమాట.

అణు డాక్ట్రిన్ ఒక్క ముక్కలో?

ముందు మేం వాడం, మా మీద వాడితే తట్టుకోలేని దెబ్బ కొడతాం. 2003 జనవరి 4న అధికారికంగా ప్రకటించారు. బటన్ జనరల్స్ చేతిలో లేదు, ప్రధాని నాయకత్వంలోని మండలి చేతిలో ఉంటుంది.

హైదరాబాద్‌లోనే ఇన్ని డిఫెన్స్ సంస్థలు ఎందుకు?

సరిహద్దులకు దూరం, కంటోన్మెంట్ నాటి ఖాళీ భూములు, ఒక్కసారి ఒక ల్యాబ్ వస్తే దాని చుట్టూ మిగతావి చేరడం. కంచన్‌బాగ్ వైపు ఓసారి బస్సులో తిరగండి. 1960ల మొదట్లో క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్, లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్. 1965 ట్యాంకుల యుద్ధం చూసిన ఐదేళ్లకు, 1970లో, ట్యాంకుల్ని కొట్టే ఫ్రెంచి క్షిపణి తయారీతో బీడీఎల్ ఫ్యాక్టరీ. 1973లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని. 1983లో కలాం నాయకత్వంలో క్షిపణుల కార్యక్రమం మొదలైందీ డీఆర్‌డీఎల్ నుంచే. పృథ్వి 1988లో, అగ్ని 1989లో ఎగిరాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాడు డ్రోన్లను కూల్చడంలో పేరొచ్చిన ఆకాశ్ క్షిపణులు బీడీఎల్‌వే.

గల్వాన్, సిందూర్ తర్వాత ఏం మారుతోంది?

2020 జూన్ 15న గల్వాన్‌లో ఇరవై మంది పోయారు. వాళ్లకు నాయకుడు మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు. ఆ తర్వాత దళాల బరువు పాకిస్తాన్ వైపు నుంచి చైనా వైపు జరిగింది. మథురలోని ఒకటో కోర్, నేను చెప్పిన ఆ ఎడారి దాడి కోర్, ఇప్పుడు లద్దాఖ్ వైపు చూస్తోంది.

సిందూర్ నాలుగు రోజులు నడిచింది. 2025 జులై 26న ఆర్మీ చీఫ్ జనరల్ ద్వివేది రుద్ర బ్రిగేడ్లు (పదాతి, ట్యాంకులు, ఫిరంగులు, డ్రోన్లు ఒకేచోట), భైరవ్ బెటాలియన్లు (తేలికపాటి మెరుపుదాడి దళాలు) ప్రకటించారు. ఆగస్టు 15న ప్రధాని గగనతల రక్షణ కోసం సుదర్శన చక్ర మిషన్ ప్రకటించారు. పేర్లు బాగున్నాయి. బాగా జరిగిందన్న యుద్ధం తర్వాత వచ్చిన మార్పులు కాబట్టి నేను కొంచెం అనుమానంగానే చూస్తాను, ఫ్రాన్స్ కథ గుర్తుంది కదా. డ్రోన్ల సంగతి అడిగితే మాత్రం, మా పాత వర్క్‌షాప్‌లో ఇప్పుడు కుర్రాళ్లు స్పానర్‌తో పాటు సోల్డరింగ్ ఐరన్ కూడా పట్టుకుంటున్నారట. నాకు తెలిసిన డాక్ట్రిన్ మార్పు ప్రస్తుతానికి అదే.

పరీక్షలో దీని మీద వ్యాసం వస్తే ఎలా మొదలుపెట్టాలి?

'ప్రాచీన కాలం నుంచి' అని మాత్రం మొదలుపెట్టకండి. ఒక్క డివిజన్ని పట్టుకోండి. నామ్‌కా చూలో 4వ డివిజన్, మూడేళ్లకు అసల్ ఉత్తర్‌లో అదే డివిజన్. మొదటి పేజీ దానంతటదే నిండుతుంది.